కర్నూలు పోవాలంటే భయం: వరద అయిన పద్నాలుగేళ్లకు వచ్చిన ఒక కేసు

నేను కౌన్సెలర్‌ను. నా దగ్గరికి వచ్చిన ఒకామె కేసు ఇది. రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. రాసింది చదివి రెండు చోట్ల కొట్టేయమన్నారు, కొట్టేశాను. వయసు, ఉద్యోగం, సందు, ఇంటి గుర్తులు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. పేరు సుజాత అనుకుందాం.

నేపథ్యం

సుజాత గారికి నలభై దాటాయి. అనంతపురంలో కాపురం. కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. భర్తది బదిలీలుండే ఉద్యోగం. 2009లో వాళ్లు కర్నూలు పాతబస్తీలో, హంద్రీకి దగ్గరగా ఒక సందులో, కింది పోర్షన్‌లో అద్దెకుండేవారు. ఆ ఏడాది అక్టోబరు 2న ఏం జరిగిందో ఈ జిల్లాల్లో ఒక వయసు దాటినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎగువన కర్ణాటకలోనూ ఇటు మన వైపూ కుండపోత వానలు పడి తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగాయి. ఆ రెండూ కలిసేది ఊరి దగ్గరే. దిగువన శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. పాతబస్తీ మునిగింది. జనం మిద్దెల మీద తిండీ నీళ్లూ లేకుండా గడిపారు.

ఆ రాత్రి భర్త డ్యూటీ మీద వేరే ఊర్లో ఉన్నాడు. మూడేళ్ల కొడుకును చంకనేసుకుని ఆమె ఎదురింటి మిద్దె ఎక్కి బతికారు. నీళ్లు తీశాక పుట్టింటివాళ్లు వచ్చి అనంతపురం తీసుకుపోయారు. మిగిలిన సామాను భర్తే పోయి లారీలో వేసుకొచ్చాడు. ఆమె మళ్లీ ఆ ఊరు తొక్కలేదు.

పద్నాలుగేళ్లలో కర్నూలులో జరిగిన పెళ్లిళ్లు, చావులు అన్నింటికీ భర్త ఒక్కడే వెళ్లొచ్చాడు. హైదరాబాద్ పోవాలంటే రాత్రి రైలే. పై బెర్త్, తలమీదుగా దుప్పటి, చెవుల్లో దూది. కర్నూలు సిటీ స్టేషన్ పోయిందని, తుంగభద్ర వంతెన దాటిందని భర్త కాలు తట్టి చెబితేగానీ దుప్పటి తీసేవారు కాదు. ‘అమ్మకు కర్నూలు పడదు’ అని ఇంట్లో ఒక మాట స్థిరపడిపోయింది. వంకాయ పడదు అన్నంత మామూలుగా.

ఎందుకు వచ్చారు

2022 అక్టోబరులో అనంతపురంలోనే నడిమివంక పొంగి కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. ఆమె ఇంట్లోకి రాలేదు. పక్క వీధి దాకా వచ్చాయి. అప్పటి నుంచి నిద్ర పోయింది. అర్ధరాత్రి లేచి తలుపు గడియలు చూసుకోవడం, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం, కొడుకు ట్యూషన్ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే గుండెదడ. మరుసటి ఏడాది భర్తకు కర్నూలు బదిలీ అయింది. ఆర్డర్ చూసిన రోజు ఆమె స్నానాల గదిలో తలుపేసుకుని చాలాసేపు బయటికి రాలేదట. భర్త నా దగ్గరికి తీసుకొచ్చాడు.

పీసీఎల్-5 అనే ప్రశ్నావళి చేశాను. అందులో ఇరవై ప్రశ్నలు, మొత్తం 80 మార్కులు. 31 నుంచి 33, ఆపైన వస్తే పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన సంఘటన తరువాత మనసును వదలని జబ్బు, ఉందేమో లోతుగా చూడాలని లెక్క. ఆమెకు యాభై దాటింది. విడిగా మాట్లాడి చూసినా అన్ని లక్షణాలూ ఉన్నాయి: పీడకలలు, తప్పించుకు తిరగడం, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టుండే ఒళ్లు, తన మీద తనకు చెడ్డ అభిప్రాయం. ఆ నాలుగోదాన్ని మొదట్లో నేను కాగితం మీద టిక్ పెట్టి ముందుకు పోయాను. ‘నేను మంచిదాన్ని కాదు’ అని ఆమె అన్నది డిప్రెషన్ మాటలాగే వినిపించింది. చచ్చిపోవాలన్న ఆలోచన ఉందా అని నేరుగా అడిగాను. లేదన్నారు, కొడుకు ముఖం చూసి.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: అసలు ఆమె కర్నూలు పోవాల్సిన అవసరం ఉందా? భయపడే ప్రతి చోటికీ మనిషి తిరిగి పోయి తీరాలన్న రూలేమీ లేదు. సంవత్సరానికోసారి తప్పించుకుంటే సరిపోయే ఊరైతే వదిలేయొచ్చు. కానీ ఇక్కడ భర్త వారమంతా అక్కడ, ఆదివారం ఇక్కడ అన్నట్టు మూడు నెలలు నడిచేసరికి ఇల్లు రెండుగా చీలింది. కొడుకు తండ్రి వైపు మాట్లాడటం మొదలుపెట్టాడు. ‘నా వల్లే’ అన్న మాట ఆమె నోట ఇంకా ఎక్కువైంది. తప్పించుకోవడానికి కట్టే ఖరీదు భయం కంటే పెరిగింది గనుక పని మొదలుపెడదామని ఆమే అన్నారు. ఆ నిర్ణయం భర్తదైతే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

నా దగ్గరికి రాకముందు

ఇంట్లోవాళ్లు చేయగలిగిందంతా చేశారు. తాయెత్తు కట్టించారు. ‘దేవుని మీద భారమేసి ఒక్కసారి పోయిరా, అన్నీ అవే సర్దుకుంటాయి’ అన్నారు. ఒకసారి భర్త డోన్‌లో పెళ్లి అని చెప్పి కారెక్కించి, ఆ ఊరు దాటాక అసలు సంగతి చెప్పాడు. వెల్దుర్తి దగ్గర ఆమె నడుస్తున్న కారు తలుపు తీయబోయారు. భయాన్ని ఎదుర్కోవడం మంచిదే, కానీ మోసంతో ఎదుర్కొనేలా చేస్తే మనిషి నేర్చుకునే పాఠం ఒకటే: పక్కనున్నవాళ్లను కూడా నమ్మకూడదని. ఆ రోజు తరువాత ఆమె భర్తతో కారెక్కడమే తగ్గించారు.

ఇంకోటి, మెడికల్ షాపులో ఎవరో ఇచ్చిన ఆల్ప్రజోలం. ప్రయాణానికి ముందు అర మాత్ర అని మొదలై, నడిమివంక సంగతి తరువాత రోజూ రాత్రి ఒకటైంది. ఈ మాత్ర అప్పటికప్పుడు టెన్షన్ తగ్గిస్తుంది, కాదనను. చిక్కు ఎక్కడంటే, మాత్ర వేసుకుని ఒక చోటికి పోయి క్షేమంగా తిరిగొస్తే మనసు ఆ క్షేమాన్ని మాత్ర ఖాతాలో రాసుకుంటుంది. చోటు గురించి కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు. అయితే నెలలుగా వేసుకుంటున్నదాన్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ దాకా పోవచ్చు. అందుకని సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. ఆయన దాన్ని వారాల మీద మెల్లగా తగ్గిస్తూ, డిప్రెషన్‌కూ పీటీఎస్‌డీకీ వాడే సెర్ట్రలిన్ మొదలుపెట్టారు. ఆ తగ్గింపు ఒక దారికి వచ్చేదాకా నేను ఎటూ ప్రయాణం పెట్టలేదు. భర్తకు విసుగొచ్చింది. రావడం సహజమే.

మొదటి ప్లాను, అది ఎందుకు ఆగింది

తక్కువ భయం నుంచి ఎక్కువ భయానికి, నీళ్లు, నది, ఊరు అన్న వరసలో మెట్లు వేసుకున్నాం. ప్రతి మెట్టుకూ భయం ఎంతో 0 నుంచి 100 లోపు ఆమె చెప్పాలి. వరద వీడియోలు చూడటం, గుత్తి బస్టాండు, డోన్, వెల్దుర్తి, కర్నూలులో బళ్లారి చౌరస్తా, హంద్రీ వంతెన, చివరికి ఆ సందు. ఇది పాఠ్యపుస్తకంలో ఉండే పద్ధతే.

వీడియోలకు ఆమె చెప్పిన అంకె ముప్ఫై. నేను అరవై, డెబ్భై అనుకున్నాను. డోన్ దాకా ఇబ్బంది లేదు. బళ్లారి చౌరస్తాలో చెమటలు పట్టాయి, అరగంట నిలబడితే తగ్గాయి. హంద్రీ వంతెన మీద నిలబడి కింద నీళ్లు చూస్తూ నలభై అన్నారు. ‘ఇదేం భయం లేదు మేడం, మురుగు వాసనే’ అన్నారు. అందరం సంతోషించాం. సందు మొదట్లో మాత్రం, అంగడి ముందు కూర్చున్న ఒకాయన తలెత్తి ఆమెను చూశాడు. అంతే. కొంగు ముఖం మీదికి లాక్కుని ఆటో ఎక్కి వెళ్లిపోయారు. తరువాత కొన్ని వారాలు ఫోన్ కూడా ఎత్తలేదు.

ఇలాంటప్పుడు రెండు రకాలుగా ఆలోచించొచ్చు. మెట్లు తొందరగా ఎక్కించాం, ఇంకా చిన్న మెట్లు వేసి మళ్లీ మళ్లీ చేయించాలి అన్నది ఒకటి. మెట్లు వేసింది ఒక భయానికి, ఉన్నది ఇంకో భయం అన్నది రెండోది. అంకెలు రెండోదాని వైపే చూపుతున్నాయి. నదికి భయపడే మనిషికి వంతెన మీద నలభై, నీళ్లు కనబడని సందు మొదట్లో తొంభై అయిదు ఎలా వస్తాయి?

భర్తను పిలిచి మాట్లాడితే మాటల్లో మాటగా ఒక సంగతి బయటపడింది. మంత్రాలయం ఏటా పోతారట. గుంతకల్లు, ఆదోని మీదుగా. అక్కడ తుంగభద్రలో ఆమె స్నానం కూడా చేస్తారట. అదే నది. 2009లో అదే వరదలో మంత్రాలయమూ మునిగింది. ‘అక్కడ భయం లేదా?’ అంటే, ‘లేదు మేడం, స్వామి ఉన్నాడు కదా’ అన్నాడాయన. స్వామి సంగతి అలా ఉంచితే, మంత్రాలయంలో ఆమెను ఎరిగినవాళ్లు ఎవరూ లేరు.

సందులో ఎవరు ఉన్నారు?

ఆమె మళ్లీ వచ్చినప్పుడు ప్రశ్న మార్చాను. ఎంత భయం అని అడగడం మానేసి, ‘ఆ సందులోకి పోతే ఏం జరుగుతుందని మీ మనసు చెబుతోంది?’ అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత ‘అడుగుతారు’ అన్నారు.

ఆ రాత్రి కథను కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు మొదటి నుంచి చెప్పడం అనే పద్ధతి ఉంది. సైకాలజిస్టు ఎడ్నా ఫోవా పీటీఎస్‌డీకి రూపొందించిన చికిత్సలో అదొక ముఖ్యమైన భాగం. మొదటిసారి చెప్పినప్పుడు ఆమె కథ ఇంటి గుమ్మం నుంచి ఒక్క దూకున మిద్దె మీదికి పోయింది. మధ్యలో మెట్లు లేవు. అలా దాటేసిన చోటే గట్టిగా పట్టుకోవాలి. నెమ్మదిగా, చాలా సెషన్ల మీద, మెట్లు వచ్చాయి.

పక్క పోర్షన్‌లో ఒక పెద్దామె ఉండేది. అందరికీ జేజి, అంటే అవ్వ. మోకాళ్ల నొప్పులు, నడవలేదు. కొడుకు వేరే ఊర్లో. కరెంటు పోయిన చీకట్లో నీళ్లు నడుము దాకా వచ్చినప్పుడు జేజి తలుపు పట్టుకుని పిలిచింది. ‘బిడ్డను పైన పెట్టి వస్తా జేజీ’ అని చెప్పి సుజాత గారు మెట్లెక్కారు. బిడ్డను ఎవరికో అందించి వెనక్కి తిరిగేసరికి కింది మెట్లు కనబడలేదు. జేజి బతకలేదు.

ఈ సంగతి భర్తకు కూడా తెలియదు. ‘ఆమె కొడుకు, ఆ సందులోవాళ్లు నన్ను చూస్తే, నువ్వు వస్తానని చెప్పి రాలేదు కదా అంటారు. అప్పుడు నేను అక్కడే పడి చచ్చిపోతా.’ నడిమివంక పొంగినప్పుడు నిద్ర ఎందుకు పోయిందో కూడా అప్పుడే తెలిసింది. పక్క వీధిలో కుర్రాళ్లు ఒక ముసలామెను భుజాల మీద ఎత్తుకుని తేవడం ఆమె గేటు దగ్గర నిలబడి చూశారు.

‘నీ తప్పు లేదు’ అని నేను అనలేదు

అనాలనిపించింది. ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ మాట విన్న మనిషి ‘మేడంకు పూర్తిగా తెలియదు కాబట్టి అంటోంది’ అనుకుంటుంది, ఇంకాస్త దాచుకుంటుంది. అందుకని వాదించకుండా ఆ రాత్రిని కొలవడం మొదలుపెట్టాం. నీళ్లు మోకాలి నుంచి నడుముకు రావడానికి ఎంతసేపు పట్టింది? చేతిలో ఏమున్నాయి? బిడ్డ, టార్చి. జేజి బరువెంత? ఒక్కరే ఎత్తగలరా? బిడ్డను నీళ్లలో ఎక్కడ దింపుతారు? నీళ్లు మెట్లు మింగుతాయని అప్పుడు తెలుసా, తరువాత తెలిసిందా? ఈ చివరి ప్రశ్న దగ్గర ఆమె ఆగిపోయారు. తరువాత తెలిసినదాన్ని అప్పుడే తెలిసినట్టు లెక్కేసుకుని తనకు తాను శిక్ష వేసుకోవడం ఇలాంటి కేసుల్లో తరచూ కనిపిస్తుంది.

కాగితం మీద ఒక గుండ్రం గీసి, ఆ చావుకు ఎవరెవరిది ఎంత భాగమో ముక్కలు కోయమన్నాను. తన ముక్కను అందరికంటే చివర కోయాలని షరతు. నది, వాన, ముందుగా తగినంత హెచ్చరిక లేకపోవడం, చీకటి, జేజి మోకాళ్లు, దూరంగా ఉన్న కొడుకు, మిద్దె మీదున్న మగవాళ్లు, అందరికీ తలో ముక్క వెళ్లాక ఆమెకు చిన్న చీలిక మిగిలింది. దాన్ని కూడా చెరిపేద్దామా అని నేను అడగలేదు. ‘ఇది ఉండనీ మేడం, ఇది నాదే’ అన్నారు. ఆ చీలికతో బతకొచ్చు. పళ్లెం మొత్తం తనదే అనుకుంటేనే బతకలేరు.

భర్తకు చెప్పాలా వద్దా అన్నది ఆమెకే వదిలాను. ఒక రాత్రి చెప్పారట. ఆయన ఏమన్నాడో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

రెండో ప్లాను

ఈసారి మెట్లు మనుషుల వరసలో వేశాం. ముఖం కప్పుకోకుండా కర్నూలు బజారులో నడవడం. కొండారెడ్డి బురుజు దగ్గర తెలియనివాళ్లను దారి అడగడం. పాతబస్తీలో ఒక అంగట్లో ‘వరదప్పుడు మీరిక్కడే ఉన్నారా?’ అని అడగడం. సందులో నడవడం. చివరగా, ఎరిగినవాళ్లు కనిపిస్తే ఆగి పలకరించడం.

పద్ధతిలో కూడా తేడా ఉంది. మొదటి ప్లానులో భయం తగ్గేదాకా నిలబడటం లక్ష్యం. రెండోదాంట్లో పోయే ముందు నోటుబుక్కులో ‘ఏం జరుగుతుంది’ అని ఆమె జోస్యం రాయాలి, తిరిగొచ్చాక ఏం జరిగిందో దాని పక్కనే రాయాలి. అంకె తగ్గినా తగ్గకపోయినా సరే. భయం ఎంత తగ్గింది అన్నదానికంటే, అనుకున్నదానికీ జరిగినదానికీ ఎంత తేడా ఉందన్నదే ఎక్కువ నేర్పుతుందని మిషెల్ క్రాస్క్ వంటి పరిశోధకులు వాదిస్తారు. ఈ కేసులో నాకు అదే పనికొచ్చింది. కొంగు, నల్ల కళ్లద్దాలు, చేతిలో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పట్టుకునే ఫోను, పక్కన భర్త, ఇవన్నీ ఒక్కొక్కటిగా తీసేశాం. నేను కూడా ఆ జాబితాలో ఉన్నాను. అందుకే తోడు వెళ్లినప్పుడు బురుజు దగ్గరే ఆగిపోయాను. అక్టోబరు 2 దగ్గరలో ఏమీ పెట్టలేదు. ఆ తేదీకి ఉన్న బరువు వేరు, దాన్ని చోటు బరువుతో కలపడం అనవసరం.

చిక్కంతా ఒకచోటే: ఆమె భయపడేది నిజంగానే జరగొచ్చు. ఎవరైనా అడగొచ్చు. ‘ఎవరూ ఏమీ అనరు’ అని నేను హామీ ఇస్తే, ఒక్క మనిషి అన్నా మొత్తం కూలిపోతుంది. జేజి కొడుకుతో ముందే మాట్లాడి పెడదామని భర్త అన్నాడు. వద్దన్నాను. ఆయన దుఃఖం ఆయనది. మన చికిత్స కోసం ఆయన తలుపు తట్టే హక్కు మనకు లేదు. దానికి బదులు, అడిగితే ఎలా అన్నది సాధన చేశాం. నా సహోద్యోగి ఒకామె సందులో మనిషిలా నటిస్తూ మెత్తగా, తరువాత కటువుగా అడిగేది. సుజాత గారు తన జవాబు తానే తయారుచేసుకున్నారు: ‘బిడ్డను పెట్టి వద్దామనుకున్నా. నీళ్లు రానీలేదు.’ సంజాయిషీ లేదు, ఏడుపు లేదు, క్షమాపణ కూడా లేదు. మొదట్లో ఆ రెండు వాక్యాలు పూర్తి చేయలేకపోయేవారు.

ఏం జరిగింది

ఇల్లు ఇప్పుడు లేదు, గోడౌన్ అయింది. జేజి కొడుకు ఆ పోర్షన్ అమ్మేసి వెళ్లిపోయాడు. మొదటి రెండు మూడు సార్లు ఎవరూ గుర్తుపట్టలేదు. అది ఆమెకు ఊరట, కొంచెం చిన్నతనం కూడా. ‘పద్నాలుగేళ్లు వీళ్లంతా నా గురించే మాట్లాడుకుంటున్నారనుకున్నా’ అని నవ్వారు.

ఆ తరువాత ఒక టైలరు గుర్తుపట్టాడు. కూర్చోబెట్టి టీ తెప్పించాడు, కొడుకు గురించి అడిగాడు, తన మిషన్లు ఎలా పోయాయో చెప్పాడు. జేజి మాట ఆయనే తెచ్చి, ‘పాపం’ అని ఇంకో విషయంలోకి పోయాడు. మరో రోజు ఎదురింటావిడ మాత్రం వేరేలా అంది: ‘అప్పుడు ఎవరి ప్రాణం వాళ్లు చూసుకున్నారులేమ్మా.’ ఓదార్పా, దెప్పా? ఆమెకు తెలియలేదు, విన్నాక నాకూ తెలియలేదు. సుజాత గారు తన రెండు వాక్యాలూ చెప్పారు. ఆవిడ ‘ఊఁ’ అంది. అంతే సంభాషణ.

తరువాత వారం ఆమె సరిగా నిద్రపోలేదు. భర్త ‘పోవద్దంటే విన్నావా’ అన్నాడట. నా లెక్కలో ఆ రోజే అన్నిటికంటే పనికొచ్చిన రోజు. నోటుబుక్కులో రాసుకున్న జోస్యం ‘అడుగుతారు, నేను పడిపోతా’. సగం నిజమైంది, సగం కాలేదు. ఆ పేజీ ముందు పెట్టుకుని చాలాసేపు మాట్లాడాం. మరుసటి వారం ఎవరూ చెప్పకుండానే ఆమె మళ్లీ ఆ సందుకు పోయి, జాకెట్ కుట్టడానికిచ్చి వచ్చారు.

ఇప్పుడు కర్నూలులోనే సి క్యాంపులో, నదికి దూరంగా అద్దెకుంటున్నారు. పాతబస్తీలోనే ఇల్లు తీసుకుంటే ‘పూర్తి విజయం’ అనిపించేదేమో, కానీ వరద వచ్చే చోట ఇల్లు వద్దనుకోవడం వివేకం, దానికి చికిత్స అక్కర్లేదు. చివరిసారి చూసినప్పుడు పీసీఎల్-5 ఇరవై లోపు ఉంది. ఆల్ప్రజోలం లేదు, సెర్ట్రలిన్ ఇంకా నడుస్తోంది. తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ నుంచి నీళ్లు వదిలారని టీవీలో వస్తే ఆ రాత్రి నిద్ర పలచగానే ఉంటుంది. జేజి కొడుకు ఫోన్ నంబరు టైలరు దగ్గర ఉందట. ఇంకా తీసుకోలేదు.

తోటి కౌన్సెలర్లకు

‘అక్కడికి పోతే ఏం జరుగుతుందని అనుకుంటున్నారు’ అన్న ప్రశ్నను నేనిప్పుడు మెట్లు వేయకముందే అడుగుతున్నాను. అదే రకం చోట్లలో ఎక్కడ భయం లేదో కూడా అడుగుతున్నాను. ఈ కేసులో మంత్రాలయం చెప్పినంత ఏ ప్రశ్నావళీ చెప్పలేదు. కథలో దాటేసిన ముక్క ఏదో గమనించడం, ఇంట్లోవాళ్లతో విడిగా ఒకసారి మాట్లాడటం, మెడికల్ షాపు మాత్రల గురించి సిగ్గుపడకుండా చెప్పేలా అడగడం కూడా అలవాటు చేసుకున్నాను. దూరం నుంచి వచ్చేవాళ్లకు వారం మధ్యలో రాత్రిపూట కష్టమైతే 14416 నంబరు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌ది, రాసిస్తాను. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఇదే పద్ధతి పెట్టకూడని కేసులూ మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. కొట్టే భర్త ఇంటికి తిరిగి పోవాలంటే భయమని వచ్చే అమ్మాయికి, గొడవల్లో పేరున్న కుటుంబం నుంచి వచ్చి ఊరికి పోలేకపోతున్న కుర్రాడికి నోటుబుక్కు ఇచ్చి పంపకూడదు. అక్కడ భయం చెప్పేది నిజం కావచ్చు. వాళ్లతో మొదటి సెషన్ అంతా అక్కడ ఇప్పుడు ఎవరున్నారు, కేసులు ఏమయ్యాయి, పోలీసుల రక్షణ ఉందా, పోకపోతే ఏం పోతుంది అన్న వాటి మీదే గడుస్తుంది. జవాబులు తేలేదాకా మెట్ల కాగితం బయటికి తీయను.